ముళ్లక్క పచ్చదారం

ముళ్లక్కను కొత్తగా చూసినవాళ్లు ఆమె నోటినిండా ముళ్లుంటాయనుకుని ఆమడ దూరంలో ఉంటారు. పాపం, ఆ నోట్లో ముళ్లు కాదు కదా, ఈమధ్య మాటే లేదు. ఆమె పేరులోని ముళ్లు గుచ్చుకునేవి కావు, దారంతో వేసేవి.

ఆమె భర్త ఫ్యాన్లు బాగుచేసేవాడు. కాలిపోయిన కాయిల్ తీసేసి కొత్త రాగితీగ చుట్టేవాడు. చుట్టిన తీగ కదలకుండా దారంతో కట్టాలి. తీగ దగ్గర బంగారంలాంటి అతని చెయ్యి దారం దగ్గరికొచ్చేసరికి రోకలిబండ అయిపోయేది. అందుకని ఆ పని ఆమెది. పచ్చదారంతో వరసగా ముళ్లు వేసి, పళ్లతో తెంపేది. ఆ పైన అతను వార్నిష్ పోసి ఆరబెట్టేవాడు.

"ఫ్యాన్ ఆగితే నా తప్పు, ముడి ఊడితే మా ఆవిడ తప్పు" అనేవాడు వచ్చినవాళ్లతో.

ఇరవై రెండేళ్లలో ఏ ముడీ ఊడలేదు. అతనే పోయాడు, ఎనిమిది నెలల కిందట, టీ తాగుతూ తాగుతూ.

ఆమె ఏడవలేదు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. అనేవాళ్లకేం, నోరుంది, అన్నారు. ఆమె దుఃఖం దాచుకోనూ లేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియనట్టు, నిజంగానే ఏమీ తెలియలేదు.

తర్వాత పాత సామాన్ల షెడ్డులో పనికి కుదిరింది. పాత ఫ్యాన్ ఇచ్చినవాళ్లకు కరెంటు ఆఫీసువాళ్లు సగం కరెంటుతో తిరిగే కొత్తది ఇస్తున్నారు. పాతవి బండ్లకొద్దీ షెడ్డుకొస్తాయి. రెక్కలు ఒక గుట్ట, ఇనుము ఒక గుట్ట, రాగి ఒక గుట్ట. ఏదీ చెత్తపాలు కాకూడదు. దారాలు కోసి రాగి లాగడం ముళ్లక్క పని. రోజుకు రెండు మూడైనా పచ్చదారం ఫ్యాన్లు తగిలేవి. తను వేసిన ముళ్లే. టక్కున కోసేది. చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"ఊరందరి ఫ్యాన్లూ విప్పుతావు, మనింట్లో మాత్రం ఇదింకా మూలుగుతూ తిరుగుతోంది" అంది కూతురు ఒకరోజు పొద్దున్నే. "కరెంటు తాగేస్తోందమ్మా. ఇచ్చేద్దాం."

"ఉండనీ."

"నాన్న పోయినప్పుడే ఏడవలేదు నువ్వు. దీనికేంటి?"

ముళ్లక్క పైకి చూసింది. ఆ మూలుగు అతను ఇంట్లో వదిలి వెళ్లిన ఆఖరి చప్పుడు. అది పోయినా తనకేమీ అనిపించకపోతే, ఇక లోపల ఏమీ మిగల్లేదని తేలిపోతుంది. ఆమెకు మిగిలింది ఆ భయమొక్కటే.

"సరే, ఇచ్చెయ్" అంది, ఏదో ఒకటి తేలిపోనీ అనుకుని.

నాలుగో రోజు అది ఆమె బల్ల మీదికే వచ్చింది. రెక్క మీద కూతురు చిన్నప్పుడు అంటించిన పువ్వుబొమ్మ ఇంకా ఉంది. ముళ్లక్క మూత విప్పి కత్తెర అందుకుంది.

దారం పచ్చదే. ముళ్లు మాత్రం ఆమెవి కావు. ఒకదాని మీద ఒకటి, ఉండలు ఉండలుగా, కొసలు తెంపకుండా వదిలేసి ఉన్నాయి. కూతురు పుట్టి తను ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాలిపోయింది ఈ ఫ్యాన్. పసిపిల్లతో ఇంటికొచ్చేసరికి తిరుగుతోంది. ముళ్లెవరు వేశారని అడిగితే, "గాలొస్తోందా లేదా? పడుకో" అన్నాడు. పంతొమ్మిదేళ్లు మళ్లీ ఎవరూ దాన్ని విప్పలేదు. విప్పే అవసరం రాలేదు.

ఆమె కత్తెర పక్కన పెట్టి గోటితో ముడి విప్పబోయింది. వార్నిష్ తాగిన ముడి ఊడదు. ఆ సంగతి ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు షెడ్డులో లేరు.

"కోసెయ్యక్కా, అది ఊడేది కాదు" అన్నాడు పక్కన రాగి తూచే మనిషి.

"తెలుసు" అంది. మళ్లీ ముడిలోకి గోరు దూరుస్తూ, "ఎంత దరిద్రంగా వేశాడో చూడన్నా" అంది.

ముడి ఊడలేదు. గోరు చిట్లింది. ఎనిమిది నెలల తర్వాత ఆమెకు నొప్పి తెలిసింది.