జెండా తాడు

మీర్‌పేటలోని మా కాలనీ సంఘం ప్రెసిడెంటు చనిపోయాక, పంద్రాగస్టుకు జెండా ఆయన కొడుకే ఎగరేయాలని పెద్దమనుషులు అనేసుకున్నారు. కుర్చీ కూడా తండ్రి ఆస్తేనట. అది ఖాళీ అయితే వైస్ ప్రెసిడెంటుకే వస్తుందని సంఘం నిబంధనల్లో ఉంది. ఆ వైస్ ప్రెసిడెంటును నేనే. ఒక ఆడమనిషి పేరుండాలని నన్ను పెట్టినప్పుడు ఆ పేజీ ఎవరూ చదివినట్టు లేరు.

ఆ పొద్దున సెక్రటరీ పూలు తెచ్చి, "వదినా, జెండల ఈ పూలు వెట్టి మడతవెట్టుండ్రి, చాలు," అన్నాడు.

పెట్టాను. మడిచి పైకెక్కించాను. తాడు మాత్రం వదల్లేదు.

"గదేంది వదినా, తాడు పిలగానికియ్యుండ్రి."

"కొడుకని నిబంధనల్ల యాడ రాసుందో చూపియ్యి తమ్మీ, ఇస్త."

లాగాను. నేను మడిచిన పూలన్నీ ఆ పెద్దమనుషుల నెత్తిమీదే రాలాయి.