గంజి వదలని బట్ట

మొన్న అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ల్యాబులో పనిచేస్తుంది ఆ పిల్ల. బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైములు ఇప్పుడు ఆల్కహాలు కలిపిన నీళ్ళలో కూడా పనిచేస్తున్నాయని, ఏ లవణం కలిపితే వాటికి బలమో, ఏది కలిపితే చచ్చుబడతాయో ముందే తేల్చేస్తున్నారని సంబరంగా చెబుతుంటే, ఊఁ కొడుతూ విన్నానే గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. ఒకప్పుడు ఆ సంగతి కళ్ళారా చూసి కూడా తొక్కిపెట్టినవాళ్ళ మీద.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చిలకలూరిపేట హైవే పక్క మిల్లులో ఉద్యోగమంటే ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళమో. బట్టకు రంగులు వేసే అలాంటి ఒక మిల్లులో నేను ల్యాబులో ఉండేదాన్ని, అన్నయ్య గంజి తీసే తొట్ల దగ్గర ఉండేవాడు. నేతకు ముందు నూలుకు పెట్టిన గంజి పోతేగాని బట్టకు రంగు పట్టదు కాబట్టి, దాన్ని తినేయడానికి వేడినీళ్ళలో ఎంజైము కలిపేవాళ్ళు. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ఊరంతా తిట్టుకునే నీళ్ళవి. ఆ ఎంజైముకు మాత్రం అవే పడేవి, అంత వేడిలో అది నిలబడాలంటే నీళ్ళలో కాల్షియం ఉండాలి మరి.

ఇంతలో యజమాని గారి బావమరిది పెత్తనానికి దిగి, నీళ్ళను మెత్తబరిచే మందొకటి తెప్పించాడు. రంగు తొట్లకు అది మంచిదే, కాదనను. దేనికైనా మంచిదేలే అని గంజి తొట్లలో కూడా పోయించాడు. నేను చెప్పగా అన్నయ్య వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. ఆ మందు కాల్షియాన్ని పట్టేసుకుంది, ఎంజైము చచ్చుబడింది, గంజి వదలని బట్టకు రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. అన్నయ్య ఎంజైము బయట అమ్ముకుని తొట్లో ఉత్త నీళ్ళు పోస్తున్నాడని బావమరిది వైపు వాళ్ళు పుకారు పుట్టించారు.

నేను యజమాని గారి ముందే రెండు బీకర్లలో వేడి బోరు నీళ్ళు, ఎంజైము, ఒకే బట్ట ముక్కలు వేసి, ఒకదాంట్లో మాత్రం ఆ మందు కలిపాను. తర్వాత అయోడిన్ చుక్క వేస్తే, మందు లేని ముక్క గంజి పోయి లేత పసుపుగానే ఉంది, మందున్న ముక్క గంజి మిగిలి నల్లగా నీలమెక్కింది. ఆయన ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"నాకర్థమైందిలే అమ్మాయ్. కానీ వాడు మా ఇంటోడు. నలుగుర్లో వాడి తలొంచమంటే ఎట్టాగమ్మా?"

ఆ సాయంత్రమే అన్నయ్యను తీసేశారు. మర్నాటి నుంచి గంజి తొట్లలో ఆ మందు పోయడం చప్పుడు చేయకుండా ఆపేశారు. బట్ట చక్కగా రాసాగింది. చూశారా, దొంగ పోగానే పని ఎట్టా కుదురుకుందో అన్నారందరూ. అన్నయ్యను కాపాడదామని నేను చూపించిందే చివరికి అన్నయ్యను దొంగగా ఖాయం చేసింది. ఆ తర్వాత ఏ మిల్లూ రానివ్వక మార్టూరులో రాళ్ళ పాలిష్ పనికి వెళ్ళి, ఆ దుమ్ములోనే ముసలివాడయ్యాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇప్పుడు ఏ తొట్లో ఏం పడుతోందో యంత్రాలే చూసుకుంటాయట, ఎంజైములు కూడా మొండివి వచ్చాయట. సంతోషమే. నిరుడు అన్నయ్య పెద్దకర్మ నాడు మిల్లులో అన్నయ్య పాత స్నేహితుడొకాయన కడుపునిండా భోంచేసి, వెళ్ళబోతూ నా భుజం తట్టాడు.

"బంగారంలాంటి మనిషమ్మా మీ అన్న. ఆ ఒక్క కక్కుర్తి లేకపోతేనా!"