బొప్పి కట్టిందిలే, ఏం కాదు

మా చిన్నప్పుడు... ఆ పొద్దున కరుణత్త రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని మిరప కల్లానికి బయలుదేరింది. ఒకటి తనది, నీలం పట్టీది. ఇంకొకటి నాయనమ్మది, మడమ దగ్గర అరిగిపోయింది. సగం దారి నడిచాక గాని తను చూసుకోలేదు. నేను ముందే చూశాను... చెప్పలేదు. పైకి చెప్పడం నాకు అలవాటు లేదు.

కరుణత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎనభైలలో మాట ఇది. నేను గుంటూరులో కాన్వెంటు హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదివేదాన్ని. వేసవి సెలవులకి నాయనమ్మ ఊరు వస్తే నా చోటు కల్లంలోనే... పరదా నీడన, పుస్తకంతో.

నేలంతా ఎర్రగా పరిచిన మిరపకాయలు. చుట్టూ కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నా దగ్గులు, తుమ్ములు. కళ్ళు ఎర్రబడేవి, తల దిమ్ముగా ఉండేది. కడుపులో తిప్పితే పక్కకెళ్ళి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఎవరూ తల తిప్పి కూడా చూసేవాళ్ళు కాదు.

పది గంటలప్పుడు అత్త బండి మీద నిలబడి బస్తా అందుకుంటోంది. ఎద్దులు కదిలాయి. అత్త వెనక్కి జారి పడింది. తల చక్రం ఇనుప పట్టాకి తగిలింది... నేను పుస్తకంలోంచి తలెత్తేంత చప్పుడు.

అత్త తనే లేచింది, నవ్వుతూ.

"ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకోకపోతే ఇట్టనే పడతారు మరి!" అంది పక్కింటి మార్తమ్మ. కల్లమంతా నవ్వింది.

నాయనమ్మ చీర కొంగు ముద్ద చేసి, నోటితో వేడిగా ఊది, దెబ్బ మీద అదిమింది. నెత్తురు లేదు. చెవి పైన కాస్త ఉబ్బింది, అంతే.

"బొప్పి కట్టిందిలే. బయటికి పొంగిందంటే లోపలేం లేనట్టే. ఏం కాదు."

అరగంటకి అత్త పక్కకెళ్ళి కక్కుకుంది. నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఆ ఏడాదే హాస్టల్లో సిస్టరు గారు మాకు ప్రథమ చికిత్స చెప్పారు. తలకి దెబ్బ తగిలాక వాంతి అయినా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా, మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకి చూపించాలి... గుండ్రటి అక్షరాలతో నోట్సులో రాసుకున్నాను.

నాయనమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాను. "అత్తని డాక్టరుకి చూపిద్దామా..."

"ఏందే? నోట్లో నోట్లోనే గొణుక్కుంటావు. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. అందరికీ వినపడింది.

"మిరపకాయ ఘాటుకి కక్కుకోనోళ్ళు ఎవరే ఇక్కడ? నీ లెక్కన మమ్మల్నందర్నీ బండికెత్తి ఆసుపత్రిలో పడెయ్యాల!" అంది నాయనమ్మ.

"కాన్వెంటు డాక్టరమ్మా, నాక్కూడా ఓ సూదెయ్యి!" అంది మార్తమ్మ.

అత్త కూడా నవ్వింది. "నాకేం కాలేదు తల్లీ. పోయి చదువుకో."

నా చెవులు వేడెక్కాయి. వెళ్ళి చదువుకున్నాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త నా పక్కన నడుం వాల్చి, "ఏదన్నా చదవవే, వింటా" అంది. తనకి ఇంగ్లీషు రాదు. ఏడో తరగతితో బడి మాన్పించారు. అయినా నేను చదువుతుంటే వినడం ఇష్టం... ఆ చప్పుడు బాగుంటుందట.

ఒక పేజీ చదివాను. "మొదలుపెట్టవే" అంది. మళ్ళీ అదే చదివాను.

"ఏం ఆలోచిస్తున్నావు? మొదలుపెట్టు."

"రెండుసార్లు చదివానత్తా..."

"చదివావా?" అని నవ్వి కళ్ళు మూసుకుంది.

లేచి నిలబడ్డాను. నాయనమ్మ వైపు రెండడుగులు వేశాను. పొద్దున అందరూ కలిసి నవ్విన నవ్వు గుర్తొచ్చింది... ఆగాను. ఈలోగా నాయనమ్మే అక్కడి నుంచి చెయ్యి ఊపింది. "లేపబాకే... అలిసిపోయింది. పడుకోనీ."

ఆ మాటకి నాకు హాయిగా అనిపించింది. అది నిజం. పెద్దవాళ్ళు చెప్పేశారు... ఇంక నేను చెప్పక్కర్లేదు. కూర్చుని, అత్త మొహం మీద ఈగలు వాలకుండా పుస్తకంతో విసిరాను.

ఎండ దిగాక నాయనమ్మ వచ్చి పిలిచింది. "కరుణా... లెయ్యే, ఇంటికి పోదాం." మళ్ళీ పిలిచింది. భుజం పట్టి కుదిపింది. చెంబుతో నీళ్ళు తెమ్మంది. తెచ్చాను. ఆ నీళ్ళు మొహం మీద పడ్డా అత్త కదలలేదు.

సరుకు తోలడానికి వచ్చిన ట్రాక్టరొకటి ఉంటే, మిరప బస్తాలు దించేసి దాని మీదే గుంటూరు బ్రాడీపేటలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పొద్దున్నే తీసుకురావలసింది అన్నారట డాక్టరు గారు. మూడో రోజు అత్తని ఇంటికి తెచ్చారు. చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు.

నన్నెవరూ ఏమీ అనలేదు. నాయనమ్మనీ అనలేదు. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కల్లంలో ఎవరు కక్కుకున్నా ముందు లేచేది నాయనమ్మే. "తలకేమన్నా తగిలిందా?" అని అడిగేది. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఫోను చేస్తే ఊళ్ళోకే అంబులెన్సు వస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళతో ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో... పొగరు అంటారు కొందరు. నాకు మాత్రం వింటుంటే ధైర్యంగా ఉంటుంది.

"ఏం కాదులే" అనుకున్న రోజు మీ ఇళ్ళలో కూడా ఒకటి ఉంటే ఇక్కడ రాయండి... చిన్నదైనా సరే. నాకు ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

గుంటూరు బస్సు మా కల్లం పక్కనే ఆగేది. ఆ మధ్యాహ్నం అత్త నిద్రపోతుండగా రెండుసార్లు ఆగింది.