పత్తి గదిలో డ్రమ్స్

డిగ్రీ పూర్తయి ఉద్యోగం ఇంకా రాని రోజులు ఎవరికైనా ఒకటే. ఇంట్లో ఏ పని మిగిలినా అందరి చూపూ మనవైపే తిరుగుతుంది. "అది ఖాళీగానే ఉందిగా" అన్న మాట నాకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకునేదాన్ని (చదివేదాన్ని కూడా, అబద్ధమెందుకు, అన్నం తిన్నాక నిద్ర వచ్చేదాకా). అలాంటప్పుడు మనిషికి తనదంటూ ఏదో ఒకటి ఉండాలనిపిస్తుంది. కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు ప్రేమలో పడతారు. నాకు డ్రమ్స్ దొరికాయి.

అవి మా మావయ్యవి. వినుకొండలో మైకుసెట్ల షాపు నడుపుతూ పెళ్ళిళ్ళకు పాటకచ్చేరీలు కూడా ఒప్పుకునేవాడు. డీజే బాక్సులొచ్చాక కచ్చేరీ అడిగే నాథుడు లేకపోయాడు. ఒకరోజు డ్రమ్స్ సెట్టంతా ట్రాలీ ఆటోలో వేసుకుని మా ఊరొచ్చేశాడు. "రెండు నెలలే అక్కా. షాపు చిన్నదానికి మారుస్తన్నా, చోటు లేదు" అన్నాడు. "ఇక్కడ మాత్రం ఏడుందిరా చోటు? మనుషులు పడుకోడానికే లేదు" అంది అమ్మ. ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఆ ఏడు పత్తి ధర నచ్చక, పెరిగితే అమ్ముదామని నాన్న పంటంతా ముందుగదిలో పోయించారు. నేల నుంచి శ్లాబు దాకా పత్తే. మిగిలిన రెండు గదుల్లో మేం సర్దుకుంటున్నాం. చివరికి ఆ పత్తినే తలుపు దగ్గర కొంచెం వెనక్కి నెట్టి, గుహలాంటి సందు చేసి, డ్రమ్స్ అందులో పెట్టాం. మావయ్య తన దగ్గర అదనంగా ఉన్న స్టిక్స్ జత ఒకటి నా చేతిలో పెట్టి, "బూజు పట్టకుండా అప్పుడప్పుడూ కొట్టమ్మా" అన్నాడు. దుమ్ము దులపమని ఆయన ఉద్దేశం. నేను కొట్టడమే పట్టుకున్నాను.

పాఠాలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేదాన్ని. వీడియోలో కుర్రాడు నవ్వుతూ కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, కుడికాలితో పెడల్ మీద ఇంకొకటి వాయించేవాడు. నా అవయవాలేమో ఉమ్మడి కుటుంబంలో పిల్లల్లాంటివి. ఒకటి కదిలితే అన్నీ కదిలేవి. కాలిని చేతుల నుంచి విడదీయడం కోసం అన్నం తినేటప్పుడు కూడా బల్లకింద సాధన చేసేదాన్ని. అమ్మ నాలుగు రోజులు చూసి, "ఆ కాలేందే, అట్టా కొట్టుకుంటంది?" అని మా ఊరి ఆరెంపీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నా మోకాలి మీద రెండు దెబ్బలు వేసి, నరాల బలహీనత అని తేల్చి, బలానికి ఇంజెక్షన్ పొడిచాడు. అది డ్రమ్స్ సాధనని చెబుదామనుకున్నాను గానీ అప్పటికే సూది దిగిపోయింది.

అయినా పట్టు వదల్లేదు. కారణమేమిటంటే, నేను బాగా వాయిస్తున్నాననిపించేది. ఎంత గట్టిగా కొట్టినా శబ్దం గుండ్రంగా, మెత్తగా, పెద్దమనిషి మాటలా వచ్చేది. డ్రమ్స్ సెట్టులోని ఇత్తడి పళ్ళెం మీద కొడితే ఖంగుమనకుండా "హుఁ" అనేది. నా చేతిలో ఏదో సున్నితం ఉందనీ, అది పుట్టుకతో వచ్చిందనీ నిశ్చయానికొచ్చేశాను. పక్కింటివాళ్ళకు ఎవరో దూరంగా పిండి దంచుతున్నట్టు వినబడేదట. పత్తిలోంచి వచ్చే పురుగులకు చేతులు దద్దుర్లెక్కేవి, జుట్టునిండా దూది. కళాకారులకు ఇలాంటి కష్టాలు తప్పవని గోక్కుంటూ సరిపెట్టుకునేదాన్ని.

ఇక ఇంట్లో అందరూ పత్తి ధర పెరగాలని కోరుకుంటుంటే, నేనొక్కదాన్నీ పెరగకూడదని కోరుకునేదాన్ని. పత్తి పోతే ఆ గదిలోకి మంచాలొస్తాయి, నా గుహ పోతుంది. ఒకరోజు పత్తి కొనే బేరగాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాన్న మెత్తబడుతున్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చే నెపంతో వెళ్ళి, "ఇంకొన్నాళ్ళు ఆగుదాం నాన్నా, పెరుగుద్ది" అన్నాను. పత్తి గురించి నాకు తెలిసింది అది తెల్లగా ఉంటుందని మాత్రమే. నాన్న నా మొహంలోకి చూసి, బేరగాడితో, "మా అమ్మాయి వద్దంటందయ్యా" అని పంపించేశారు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర, "మా పిల్లకి యవసాయం మీద బాగా దృష్టుంది" అని చెప్పుకున్నారట. నాకు అన్నం సహించలేదు. ధర పడిపోతే ఈ మనిషికి ఏ మొహంతో ఎదురుపడాలి?

అదృష్టమో దురదృష్టమో, ధర పెరిగింది. నాన్న నా తల నిమిరి, "నీ నోటి చలవే అమ్మడూ" అన్నారు. ఆ మర్నాడే కూలీలు వచ్చి పత్తినంతా పెద్ద పెద్ద బోరే సంచుల్లోకి తొక్కి, కాటా వేసి, లారీకెత్తేశారు. చిలకలూరిపేట మిల్లు వైపు సాగిపోతున్న లారీని చూస్తూ అందరూ సంతోషించారు. నేనూ నవ్వాను, నవ్వాలి కాబట్టి.

తెల్లారి లేచి, మంచాలొచ్చేలోపు ఒక్కసారి వాయించుకుందామని ఖాళీ గదిలో కూర్చున్నాను. ఎప్పట్లాగే మొదలుపెట్టాను. నాలుగు గోడలూ, శ్లాబూ కలిసి నా మీద పడ్డాయా అనిపించింది. వంటింట్లో అమ్మ చేతిలోంచి పాలగిన్నె జారింది. పక్కింటి రిటైర్డు మాస్టారు పళ్ళు తోముకునే బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చి, "ఏమండీ, శ్లాబు కూలిందా? అందరూ క్షేమమేనా?" అని కేకేశారు. అది కాదు నన్ను కుంగదీసింది. ఆ రోజు మొదటిసారి నా వాయింపు నేను విన్నాను. చెయ్యి ఒక దారి, కాలు ఒక దారి, మధ్యలో తడబాట్లు. ఆ సున్నితమంతా పత్తిది. నాది కాదు.

"ఇయ్యాళే మీ మావయ్యకి ఫోన్ చేసి తీసుకుపొమ్మంటా" అంది అమ్మ. నేనే స్టిక్స్ తీసి సంచిలో కట్టేశాను. సాయంత్రం మాస్టారు మళ్ళీ వచ్చారు, ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని. తగాదాకే అనుకున్నాం. ఆయన కుర్చీలో కూర్చుని, "నేర్చుకునే పిల్లని మానమనడం నాకు చేతకాదమ్మా, ముప్పైయేళ్ళు బడిలో చేశాను. ఒక టైమంటూ చెప్పు. ఆ టైముకి నేనూ మా ఆవిడా చెరువుకట్ట దాకా నడిచొస్తాం" అన్నారు. రోజూ సాయంత్రం ఐదింటికని ఒప్పందం కుదిరింది. డాక్టర్లు ఎన్నేళ్ళుగానో నడవమని మొత్తుకున్నా కదలని మాస్టారు నా పుణ్యమా అని నడక మొదలుపెట్టి, షుగరు తగ్గించుకున్నారు. (ఆ వీధిలో నా సంగీతం వల్ల బాగుపడిన మనిషి ఆయనొక్కరే.)

మావయ్య రావడానికి ఇంకొంతకాలం పట్టింది. ఆలోగా మళ్ళీ మొదటినుంచి, నెమ్మదిగా, ప్రతి తప్పూ చెవుల్లో పడుతుండగా నేర్చుకున్నాను. ఒక సాయంత్రం అమ్మ శావుకారు కొట్టుకెళ్ళింది, మాస్టారు దంపతులు నడకకెళ్ళారు. నేను మొదలుపెట్టిన దరువు ఎక్కడా తెగకుండా సాగింది. ఆపబుద్ధి కాలేదు. చేతులు నొప్పెట్టేదాకా వాయించి, చెమట తుడుచుకుంటూ బయటికొస్తే, గేటు దగ్గర నాన్న బండి ఆపుకుని, దిగకుండా దానిమీదే కూర్చుని ఉన్నారు.

"ఎంతసేపైంది నాన్నా వచ్చి? లోపలికి రాలేదేం?"

"వస్తే ఆపుతావేమోనని" అన్నారు నాన్న. "అయిపోయిందా, ఇంకా ఉందా?"

ఇప్పుడు ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నాను. డ్రమ్స్ తెలిసినవాళ్ళెవరైనా కలిస్తే నేనూ నేర్చుకున్నానని చెప్పను. అప్పుడు తెలియలేదు గానీ, నెలల తరబడి కుస్తీపట్టి నేను తెగకుండా వాయించిన ఆ దరువు వాళ్ళ లెక్కలో మొదటిరోజు పాఠం. ఆ సాయంత్రం మాత్రం అప్పటి నాలోని ఆ పిల్లకి ఆ సంగతి తెలియదు. దిగ్విజయం చేసొచ్చిన దానిలా గేటు దగ్గర నిలబడి, "ఇంకా ఉంది నాన్నా" అని మళ్ళీ లోపలికెళ్ళి, అదే దరువు ఇంకోసారి వాయించింది. అది పాతదేనని నాన్నకి తెలియలేదు. తెలిసినా చెప్పి ఉండరు.