మావయ్య యాభై రెండో ఏడు

మొన్న మంగళవారం మూడో పీరియడ్‌లో సెకండియర్ పిల్లలకి ఒక పరదేశపు రాజు కథ, పాత విషాద నాటకం, చెబుతున్నాను. విధి బలమా, మనిషి సంకల్పం బలమా అన్నది ఆ పాఠంలో తప్పకుండా పరీక్షకి వచ్చే ప్రశ్న. శ్రీకాకుళంలో ఈ పాఠం చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళయింది. నిద్రలో లేపినా ఇటు నాలుగు పాయింట్లు, అటు నాలుగు పాయింట్లు అప్పజెప్పగలను. ఆ రోజూ అప్పజెబుతుంటే కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచి, "పుట్టకముందే అంతా రాసేసున్నాక, ఆ రాజు సేసిన తప్పేటి మేడం?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నోట్సులో ఉన్న జవాబే చెప్పాను. ఆ పిల్ల రాసుకుంది కానీ నమ్మినట్టు లేదు. సాయంత్రం బస్సులో కూర్చున్నాక నాకూ ఆ జవాబు చప్పగా తోచింది. నాకీ సంగతి నేర్పింది పుస్తకాలు కావు. విజయనగరంలో కోట దగ్గర సందులో ఫిడేలు పాఠాలు చెప్పుకునే మా మావయ్య.

మావయ్యంటే మా అమ్మకి స్వయానా అన్నగారు. మనిషి వెదురుబద్దలా ఉండేవాడు గానీ గొంతు మాత్రం సందు చివరికి వినిపించేది. తాతల నాటినుంచీ కోవెల్లో నాదస్వరం ఊదిన వంశం. ఈయన ఫిడేలు పట్టుకున్నాడు. ఆయనకీ అత్తయ్యకీ పిల్లల్లేరు. డిగ్రీ మూడేళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను కాబట్టి ఆ లోటు నేను కొంత పూడ్చానని అత్తయ్య అనేది. మూడేళ్ళలో ఎంత అల్లరి చేశానో తల్చుకుంటే ఆ మాట ఆవిడ మంచితనం. ఆ ఇల్లు తల్చుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. ముందుగదిలో ఫిడేలు కమానుకి రాసే రోజిన్ వాసన, వెనక వంటింట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర ఘాటు. మధ్యగదిలో ఈ రెండూ కలిసిన మూడో వాసన ఒకటి ఉండేది. అలాంటిది నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

ఆ ఇంట్లో ఒక చెక్కపెట్టె, అందులో పసుపు బట్టలో చుట్టిన జాతకం పుస్తకం ఉండేవి. మావయ్య పుట్టినప్పుడు రాయించింది. యాభై రెండో ఏడు దాటడం కష్టమని అందులో ఉందట. వాళ్ళ తాతగారూ యాభై రెండులోనే పోయారు, నాన్నగారూ యాభై రెండులోనే పోయారు. దాంతో ఆ మాట మావయ్యకి రైలు టైంటేబుల్లా స్థిరపడిపోయింది. దాని గురించి ఏడ్చేవాడు కాదు, భయపడేవాడూ కాదు. ఆ లెక్కన బతికేవాడు, అంతే. నలభై ఎనిమిదో ఏట ఎవరైనా పిల్లాణ్ణి ఫిడేలుకి తీసుకొస్తే, నాలుగేళ్ళదాకా తను చెబుతాననీ, తర్వాత ఇంకో గురువుని చూసుకోమనీ ముందే చెప్పేసేవాడు. వాళ్ళు ఆయనకి బదిలీ కాబోలు అనుకునేవారు. యాభై దాటాక కొత్త చొక్కా గుడ్డ తెస్తే, ఇది చిరిగేదాకా నేనుంటానా అని అత్తయ్యతో వేళాకోళమాడేవాడు. అత్తయ్య నవ్వేది కాదు. ఆ గుడ్డ తీసుకెళ్ళి రెండు చొక్కాలు కుట్టించి తెచ్చేది.

మావయ్యకి ఫిడేలు తర్వాత ప్రాణం నాటకం. మా ఊరి మాస్టారొకాయన ఎప్పుడో రాసిన విషాద నాటకం ఒకటి వాళ్ళ బృందం ఏళ్ళ తరబడి ఆడేది. కథ ఇదీ: ఒక రాజకుమారుడి చేతిలో అతని సొంత అన్న చస్తాడని పుట్టినప్పుడే జోస్యం చెబుతారు. ఆ పాపం అంటకూడదని అతను దేశం విడిచి పారిపోతాడు. దారిలో ఏటి రేవులో, చీకట్లో, ఎవరో బాటసారితో తగువొచ్చి చంపుతాడు. తర్వాత వేరే రాజ్యానికి రాజవుతాడు. కరువొస్తుంది. ఏటి రేవులో జరిగిన హత్యకి శిక్ష పడేదాకా వాన కురవదని తెలుస్తుంది. హంతకుణ్ణి పట్టుకుంటానని రాజు సభలో ఒట్టేసి విచారణ మొదలుపెడతాడు. రాణి వద్దంటుంది, గుడ్డి సాధువు వద్దంటాడు, చూసిన పడవవాడు కాళ్ళమీద పడి వద్దంటాడు. రాజు వినడు. అడిగి అడిగి చివరికి తన పేరే రాబడతాడు; చచ్చిన బాటసారి తన అన్నేనని తేలుతుంది.

రాజు వేషం మావయ్యది. గుడ్డి సాధువు వేషం మిషన్ ఆసుపత్రిలో కంపౌండరుగా చేసిన బాబాయిది. ఆయన మాకు చుట్టం కాదు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం ముందువరస మనిషి. కానీ చిన్నప్పటినుంచీ మావయ్యా ఆయనా ఒకరినొకరు 'బావ' అనుకునేవాళ్ళు కాబట్టి నాకు బాబాయయ్యాడు. ఇందులో తమాషా ఏమిటంటే, అంతా రాసిపెట్టి ఉందని స్టేజీమీద చెప్పే సాధువు వేషం వేసే బాబాయికి విధి అన్నమాట గిట్టదు. దేవుడు మనిషికి దారి చూపిస్తాడు, నడవడం మనిషి పని అనేవాడు. స్టేజీమీద విధిని ఎదిరించే మావయ్యకేమో విధి మీద అంత నమ్మకం. రిహార్సల్ అయ్యాక టీ తాగుతూ ఇద్దరూ దీని మీదే తగువులాడుకునేవారు. రాజు పారిపోయినా తప్పలేదు కదా అని ఈయన, తగువు పెట్టుకోమని రాజుకి ఎవరు చెప్పారని ఆయన. టీ చల్లారిపోయేది.

మావయ్యకి యాభై రెండు నడుస్తున్న ఏడు ఈ నాటకం మళ్ళీ ఆడాలనుకున్నారు. అప్పటికి నేను ఎచ్చెర్ల పీజీ సెంటర్లో ఎం.ఎ. చేస్తున్నాను. శనివారం బస్సెక్కి వచ్చేసేదాన్ని. పక్కతెర వెనక పుస్తకం పట్టుకుని మాటలు అందించడం నా పని. బాబాయికి చర్చి అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం ఒక బడి హాల్లో రిహార్సల్. మావయ్య నటన మీద బాబాయికి ఒకటే ఫిర్యాదు. "మొదటి అంకంలోనే నీకంతా తెలిసిపోయినట్టు ఏడుపుమొకం ఎడతావేటి బావా? రాజుకింకా ఏటీ తెలీదు" అనేవాడు. మావయ్య మార్చుకోబోయేవాడు గానీ, గొంతులో ఆ దిగులు పోయేది కాదు.

ఒక ఆదివారం పడవవాణ్ణి నిలదీసే చోట మావయ్య మాట మధ్యలో ఆగిపోయి మెట్టుమీద కూర్చుండిపోయాడు. చెమటలు కారుతున్నాయి. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు అలాగే ఉన్నాడు. హాల్లో వాళ్ళు నటన అనుకుని చప్పట్లు కొట్టారు. నేను మాట అందించబోయి ఆయన ఎడమచెయ్యి చూశాను. కుడిచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నాతో చెప్పాడు. ఇలా రావడం నాలుగోసారట. "మీ అత్తకి సెప్పకే. నాటకం అయిపోనీ. ఎలాగూ ఈ ఏడే కదా" అన్నాడు, బస్సు వేళకి వచ్చేస్తుందన్నంత మామూలుగా. నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ వారం ఎచ్చెర్లలో నేను పాఠం విన్నదేమీ లేదు. చిన్నదాన్ని, ఆయన మాట నాకు వేదం. పైగా ఆయన తాతగారి సంగతీ నాన్నగారి సంగతీ తల్చుకుంటే, మనం చెప్పినంత మాత్రాన ఆగుతుందా అని నాకే అనిపించేది. నాటకంలో రాణి, సాధువు, పడవవాడు, అందరూ నిజం తెలిసీ నోరు మూసుకునేవాళ్ళే. ఆ నోళ్ళకి మాటలందిస్తూ నేనూ వాళ్ళలో చేరిపోయాను. గురువారం పొద్దున్న హాస్టల్లో ఇడ్లీ ముందు కూర్చుని ఉన్నట్టుండి లేచాను. రెండు బస్సులు మారి విజయనగరంలో దిగాను. మావయ్య పాఠం చెప్పడానికి వెళ్ళాడు. అత్తయ్య పనసకాయ కొడుతోంది. చెప్పేశాను. ఒట్టు సంగతి కూడా చెప్పాను.  ఆవిడ చేతికంటిన జిగురు నూనెతో తుడుచుకుని, కత్తిపీట గోడకి ఆనించి, బాబాయికి కబురు చెయ్యమంది.

ఇంట్లో చెబితే మావయ్య వినడని అత్తయ్యకీ బాబాయికీ తెలుసు. ఆదివారం రిహార్సల్ మొదలయ్యాక అత్తయ్య హాల్లోకి వచ్చింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ రిహార్సల్‌కి రావడం అదే మొదటిసారి. రాజు సభలో ఒట్టు వేస్తున్నాడు. ఆవిడ సరాసరి మెట్టెక్కి ఆయన ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"రాజు యేసం ఏసుకుని ఊరందర్నీ నిజం సెప్పమని నిలదీస్తన్నారు. మీ గుండెలో ఏటున్నాదో అడగడానికి మాత్రం భయవా?"

మావయ్య నావైపు చూశాడు. నేను పుస్తకంలో తల దూర్చాను. "రాసిపెట్టుంటే డాక్టరేటి సేస్తాడు?" అన్నాడు.

జవాబు బాబాయి చెప్పాడు. సాధువు గడ్డం చేతిలో పట్టుకుని ఉన్నాడు. "ఆ రాజు అన్నని సంపుతాడని రాసుంది బావా. నిజం తెలుసుకుంటాడని ఎక్కడా రాసిలేదు. అది ఆడి సొంత పని. అందరూ వద్దన్నా అడిగేడు. అందుకే ఆణ్ణి రాజంటన్నాం. నీ జాతకం పుస్తకంలో ఉన్నదంతా నీకు తెలుసు. లేనిదేటో ఒక్కసారి అడిగిరా. తర్వాత నీ ఇష్టం."

  మావయ్య నెత్తిమీది అట్ట కిరీటం తీసి బల్లమీద పెట్టి, "రైలు ఎన్నింటికి?" అన్నాడు. విశాఖపట్నం రైల్లో కొత్తవలస దాటేదాకా అత్తయ్య ఆయన చెయ్యి వదల్లేదట. అంతమంది ఎదురుగా నన్ను పట్టుకు కూర్చుంది చూడు అని మావయ్య తర్వాత ఫిర్యాదు చేశాడు.

విశాఖపట్నంలో పరీక్షలు చేసి గుండె రక్తనాళాలు మూడు పూడుకుపోయాయన్నారు. వారంలో ఆపరేషన్ చేశారు. ఆ వారమంతా నేను మావయ్య కళ్ళలోకి చూడలేకపోయాను. ఆపరేషన్‌కి ముందురోజు ఆయనే పిలిచాడు. కోప్పడతాడనుకున్నాను. "ఒట్టు తప్పేవే" అన్నాడు. అవునన్నాను. "పుస్తకం పట్టుకున్నదానివి, మాట అందించాలి కదా" అని నా తలమీద చెయ్యి వేశాడు. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

అయిదు నెలల తర్వాత నాటకం ఆడారు. మావయ్యకి ఇంకా యాభై రెండు నిండలేదు. మొదటి అంకంలో రాజు నవ్వుతూ వచ్చాడు. కరువు తీర్చేద్దామన్నంత ధీమాగా ఒట్టు వేశాడు. ఆ నవ్వు చూశాక చివరి అంకం చూడటం కష్టమైపోయింది. జనం మధ్యలో ఎవరో పెద్దావిడ "ఇంక అడక్కు నాయనా" అంది. తెర పడ్డాక బాబాయి వచ్చి ఇప్పుడు కుదిరిందన్నాడు. అంతకుమించి మెచ్చుకోవడం ఆయనకి తెలీదు.

యాభై రెండు నిండి యాభై మూడు వచ్చిన పుట్టినరోజునాడు మావయ్య పొద్దున్నే స్నానం చేసి అరుగుమీద కూర్చుని, దిగిన స్టేషన్ తనది కాదని తెలిసినవాడిలా అటూ ఇటూ చూశాడు. ఆ పూట తర్వాత ఏం చెయ్యాలో ఎన్నడూ అనుకోలేదు మరి. వారం తిరక్కుండా స్కూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వెనక బాబాయి ప్రార్థన చేసుకుంటూ కూర్చునేవాడు. గంటస్తంభం దగ్గర ఒకసారి అరటిపళ్ళ బండిని గుద్దారు. అది విధి అని ఈయన, బ్రేకు వెయ్యకపోవడం అని ఆయన, బండివాడి ఎదురుగానే వాదించుకున్నారు. విధి గురించిన పెద్ద తగువుకూడా తేలలేదు. ఆ డాక్టరు దగ్గరికి తను వెళ్ళాలని కూడా రాసే ఉంటుందని మావయ్య పట్టుబట్టేవాడు. రాసుంటే అంత బతిమాలించుకున్నావెందుకని బాబాయి.

బాబాయి ఆరేళ్ళ కిందట పోయాడు. రాత్రి బాగానే భోంచేసి పడుకున్న మనిషి. చర్చి వెనక సమాధుల దగ్గర మావయ్య చెప్పులు విప్పి, అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడ్డాడు. వచ్చేటప్పుడు ఆటోలో నాతో అన్నాడు: "నాకన్నా రెండేళ్ళు సిన్న ఈడు. ఈడికెవరూ పుస్తకం రాయలేదు. రాసినా సదివీవోడు కాదు."

మావయ్యకిప్పుడు డెబ్బై నాలుగు. అత్తయ్య ఇప్పటికీ చొక్కాలు రెండేసి కుట్టిస్తుంది. గడువు తెలుసనుకున్నన్నాళ్ళూ ఆయనకి రోజులు ఒక్కొక్కటిగా తరిగిపోయాయి. తెలియదని ఒప్పుకున్న దగ్గర్నుంచీ అవే రోజులు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయి.