పన్నెండో గులాబీ

కెనడాలోని మిస్సిసాగాలో మా పక్కింటావిడది పోలండ్. మా రెండిళ్ల మధ్య కంచె దగ్గరే మా స్నేహమంతా. ఒకసారి ఆవిడ గులాబీలు కత్తిరిస్తుంటే, మా భాషలో ఆ పువ్వు పేరే ఆ రంగుకీ పేరని చెప్పాను. "మాకూ అంతే!" అని కత్తెర కింద పడేసింది. పువ్వు రూజా, రంగు రుజోవి. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే పిచ్చి. ఇటలీ వాళ్లకు పువ్వూ రంగూ రెండూ రోజాయే. గ్రీకులు పువ్వును ముప్పై రేకులదని పిలుస్తారు, రంగుకు మాత్రం ఫ్రెంచి మాట అరువు తెచ్చుకున్నారు. ఇంగ్లీషువాళ్లు గులాబీని వదిలేసి పింక్ అనే ఇంకేదో పువ్వు పేరు ఆ రంగుకు అంటగట్టారు. అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని, పెద్ద పండితురాలిలా.

నిరుడు వేసవిలో జబ్బు ముదిరి ఆవిడ ఆసుపత్రిలో చేరింది. చూడ్డానికి వెళ్తూ, గులాబీ రంగు గులాబీలే తీసుకుందామని దుకాణంలో ఆగాను. బకెట్‌లో ఏరితే మంచివి పదకొండే తేలాయి.

"చాల్లే, బాగానే ఉన్నాయిగా. పార్కింగ్ టైమ్ అయిపోతోంది," అన్నారు మా ఆయన.

"తాంబూలంలో ఒంటి పండు పెడతామా ఎక్కడైనా? జంటగా ఉండాలి," అని ఇంకో బకెట్టంతా వెతికి పన్నెండోది పట్టుకొచ్చాను.

ఆవిడ పువ్వుల్ని చూసి, నీరసంగా నవ్వి "రుజోవి" అంది. తరవాత పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. వాళ్లాయన గబుక్కున ఒక పువ్వు తీసి నా చేతిలో పెట్టారు. వరండాలోకి తీసుకెళ్లి మెల్లగా చెప్పారు. వాళ్లలో బతికున్నవాళ్లకు బేసి సంఖ్యలోనే పువ్వులిస్తారట. సరిసంఖ్య శవానికట.

సిగ్గుతో చచ్చిపోయాను. ముప్పై ఏళ్లు ఫార్మసీలో మాత్రలు లెక్కపెట్టినదాన్ని! ఇన్ని భాషల్లో రంగు పేరు తెలుసు, ఎన్ని పువ్వులివ్వాలో తెలియదు. క్షమించమని అడుగుదామంటే, ఆ మాట మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది. ఊరుకుందామంటే అదీ తప్పే. ఆ ఒంటి పువ్వు ఒళ్లో పెట్టుకుని, మంచం పక్కన కూర్చుని, ఎండల గురించి ఏదో వాగాను.

పది రోజులకు ఆవిడ పోయింది. నా పువ్వుల వల్ల కాదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

అంత్యక్రియల రోజున అదే దుకాణానికి వెళ్లాను. బుద్ధిగా పన్నెండు ఏరాను. కారెక్కాక ఒకటి తీసి పక్క సీట్లో పెట్టేశాను. ఆవిడకు సరిసంఖ్య ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు.

శవపేటిక దగ్గర వాళ్లాయన నా చేతిలోని పువ్వుల వంక చూశారు. ఆయన పెదాలు కదిలాయి. పదకొండు దగ్గర ఆగి, నా మొహంలోకి చూశారు. ఈసారి సరిచెయ్యలేదు. అలాగే తీసుకుని ఆవిడ చేతుల దగ్గర పెట్టారు.