అవ్వ గది దాకా వైఫై

మొన్న నా కొత్త అద్దె ఇంట్లో నెట్ పెట్టడానికొచ్చినతను రౌటర్‌ను గోడకు బిగించి స్విచ్ వేశాడు. కాసేపటికి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసన వెంటే షోలాపూర్ నీలం నగర్‌లో మా ఇల్లు, వాన చెమ్మ పట్టిన మెట్లు, మెట్ల కిటికీలో రెండు యాంటెన్నాలతో నిలబడ్డ ఒక పాత తెల్ల డబ్బా గుర్తొచ్చాయి.

ఆ ఇంట్లో కింద మగ్గాలు, వెనక వంటిల్లు, పైన డాబా మీద రేకుల గది. పొద్దున నాన్న మోటారు వేయగానే తువ్వాళ్ల మగ్గాలు దడదడమని మొదలయ్యేవి, అలమరలో గిన్నెలు వణికేవి. మా నాయనమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. ఆమె గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు ఎంత ఉతికినా ఆమె కొంగును వదిలేవి కావు, ఆ కొంగు ముఖం మీద కప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. బడి నుంచి రాగానే జొన్నరొట్టె మీద పల్లీల కారం, నూనె రాసి, చుట్టి చేతిలో పెట్టేది. తినేదాకా కదలనిచ్చేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా, తొలి వానలప్పుడు అవ్వకు పట్టుకున్న దగ్గు వదల్లేదు. డాక్టరు టీబీ అన్నాడు. మందులు వాడితే నయమవుతుందని, మళ్లీ పరీక్ష చేసి తాను సరేననేదాకా పిల్లలను దగ్గరికి రానివ్వొద్దని చెప్పాడు. ఆ సాయంత్రమే అవ్వ మంచం రేకుల గదికి చేరింది. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకొని పళ్లెం తీసుకెళ్లేది, అది సగం కూడా ఖాళీ కాకుండానే తిరిగొచ్చేది. గోలీలు వేసుకుంటే ముద్ద సయించడం లేదని అవ్వ అనేది. ఒకరోజు దిండు కింద మింగని గోలీలు దొరికాయి. నాన్న మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నాన్న చెల్లెలు సునందత్త కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేది. మర్నాడు అక్కడ మూలన పడి ఉన్న మోడెం ఒకటి అడిగి తెచ్చింది. రౌటర్ కూడా దాంట్లోనే ఉంటుందట. ఇంటికి టెలిఫోను తీగే లేకుండా నెట్ ఎట్లా వస్తుందని నాన్న అడిగాడు.

"బయటి నెట్ మనకెందుకు అన్నా? కింది ఫోనుకు పైగది ఫోను దొరికితె బస్," అంది అత్త.

ల్యాప్‌టాప్‌ను వైరుతో ఆ డబ్బాకు కలిపి, ఏవో అంకెలు కొట్టి ఒక పేజీ తెరిచింది. నెట్‌వర్క్‌కు పేరు అడిగితే నేను ‘అవ్వ’ అన్నాను. డబ్బాను మగ్గాల పక్కన పెడితే సిగ్నల్ స్లాబు దాటలేదు, వంటింట్లో పెట్టినా అంతే. మెట్ల కిటికీలో పెట్టాక పైగదిలో గీతలన్నీ నిండాయి. నెట్ లేకున్నా ఒకే వైఫై మీద మాట్లాడుకోగలిగే యాప్‌ను రెండు పాత ఫోన్లలో వేసి, ఒకటి అవ్వ మంచం పక్కన చెంబుకు ఆనించి వచ్చింది.

నేను ఫోన్ చేస్తే తెర మీద రేకులు మాత్రమే కనిపించాయి. అవ్వ ఫోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టింది.

"నన్ను సూడకు బిడ్డా, మంచిగ లేను," అన్న గొంతు, దాని మీద వాన చప్పుడు.

నా పళ్లెం తెచ్చి ఫోన్ ముందు పెట్టుకున్నాను. "నువ్వు తినకుంటె నేను గూడ తిన," అన్నాను. బెదిరించడానికి కాదు, నిజంగానే ఆమె లేకుండా ముద్ద దిగడం లేదు. చాలాసేపటికి రేకులు ఊగి, పక్కకు జరిగి, అవ్వ ముఖం వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు చిక్కుపడింది. ఆమె మాత్రం ఫోన్ దగ్గరికి జరిగి నన్నే చూసింది.

"ఏందే, గింత సన్నగైనవ్? తిను. నేను గూడ తింట."

ఆ పూట నుంచి ఇద్దరం కలిసే తిన్నాం. అన్నం అయ్యాక గోలీ నాలుక మీద పెట్టుకొని నాకు చూపించి మింగేది. ఆ తర్వాత ఇల్లంతా తిప్పి చూపించమనేది: నాన్న మగ్గం మీద ఏ రంగు అంచు నడుస్తోంది, అమ్మ పప్పులో చింతపండు ఎక్కువేసిందా, తులసి కుండీలో నీళ్లు నిలిచాయా. గల్లీ పిల్లలు కూడా వరసగా వచ్చి అవ్వతో మాట్లాడిపోయేవాళ్లు. కరెంటు పోతే మగ్గాలతో పాటు డబ్బా కూడా ఆగిపోయేది, అప్పుడు అవ్వ డాబా అంచు నుంచి, నేను వాకిట్లోంచి ఊరికే చేతులూపుకునేవాళ్లం.

రాఖీ పున్నానికి ముందు డాక్టరు సరేనన్నాడు. పండుగ పొద్దున ఇంట్లో కొబ్బరితో చేసే తీపి అన్నం, నారళీ భాత్, ఉడుకుతూ ఏలకుల వాసన గుప్పుమంటుండగా అవ్వ గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఇన్నాళ్లూ దూరం దూరం అన్నారు కదా, దగ్గరికి వెళ్లొచ్చో లేదో తెలియక నేను నిలబడిపోయాను. ఆమె గడప మీద కూర్చుని కొంగు చాచింది. అందులో తంబాకు వాసన లేదు, సబ్బు వాసనే ఉంది. అయినా ముఖం దాచుకున్నాను.

అవ్వ మళ్లీ బీడీలు చుట్టలేదు. చాలా ఏళ్లు బతికి, నేను కాలేజీలో చేరాక వెళ్లిపోయింది. రేకుల గది తీసేసి పైన అంతస్తు వేశారు, మగ్గాలు పాత ఇనుముకు పోయాయి, వాటి చోట ఇప్పుడు ఎవరివో బైకులు నిలుపుతున్నారు. పోయినసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం పూట గల్లీ చివరి నుంచి ఇంటిదాకా నడిచాను. నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. ఇంటింటి మగ్గాల మోతలో, ఆ గల్లీలో దాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.